శాంతి లెక్కల్లో స్త్రీలెక్కడ?

2003లో లైబీరియా రాజధాని మన్రోవియాలో, చేపల బజారు దగ్గరున్న మైదానంలో వందలాది స్త్రీలు తెల్లబట్టలు కట్టుకుని ఎండనకా వాననకా రోజుల తరబడి కూర్చున్నారు. క్రైస్తవ స్త్రీలూ ముస్లిం స్త్రీలూ కలిసి కూర్చున్నారు. వాళ్లు అడిగింది ఒక్కటే: శాంతి. 1989లో మొదలై, మధ్యలో కొద్దికాలం ఆగి, మళ్లీ రాజుకున్న అంతర్యుద్ధం ఆ చిన్న దేశాన్ని సర్వనాశనం చేసింది. రెండున్నర లక్షల దాకా చనిపోయారని అంచనా. పిల్లల చేతికి తుపాకులిచ్చారు. అత్యాచారాన్ని ఆయుధంగా వాడారు.

ఆ ఏడాది ఘనా దేశంలోని ఆక్రాలో శాంతి చర్చలు జరిగాయి. సాయుధ ముఠాల నాయకులు హోటళ్లలో దిగి, ఏ పదవి ఎవరికన్న బేరసారాల్లో వారాలు గడిపారు. అక్కడ మన్రోవియాలో ఇళ్ల మీద గుళ్లు పడుతూనే ఉన్నాయి. చివరికి జులైలో లేమా బోవీ నాయకత్వంలో స్త్రీలు చర్చలు జరిగే హాలు తలుపులకు అడ్డంగా కూర్చున్నారు. తేల్చేదాకా ఎవరినీ బయటికి పోనివ్వమన్నారు. అరెస్టు చేయబోతే ఇక్కడే బట్టలు విప్పేస్తానని ఆమె హెచ్చరించింది. మరుసటి ఏడాది ఇంఫాల్‌లో కాంగ్లా కోట ముందు మణిపురి తల్లులు చేసిన పోరాటం ఎరిగిన మనకు, ఏ దారీ మిగలని స్త్రీలు తమ దేహాన్నే నిరసనగా నిలబెట్టడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఆగస్టు 18న ఒప్పందం కుదిరింది.

ఆ తర్వాత వచ్చింది అంతర్జాతీయ సహాయం. భద్రతామండలి 15 వేల మంది సైనికులతో శాంతిసేనను పంపింది. విదేశీ సైన్యం అనగానే అగ్రరాజ్యాల పెత్తనమని కొట్టిపారేసేవాళ్లు మనలో ఉన్నారు. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. కానీ శాంతిసేన రావాలని కోరుకున్నవాళ్లలో ఆ స్త్రీలు కూడా ఉన్నారు. తుపాకుల మధ్య బతికినవాళ్ల కోరికను దూరాన కూర్చుని తప్పుపట్టే హక్కు మనకు లేదు. మనం అడగాల్సింది వేరే ప్రశ్న. వచ్చిన సహాయం ఎవరిని లెక్కలోకి తీసుకుంది?

నిరాయుధీకరణనే చూడండి. తుపాకీయో, నిర్ణీత సంఖ్యలో తూటాలో అప్పజెప్పినవాళ్లకు 300 డాలర్లు, చదువు లేదా వృత్తి శిక్షణ ఇస్తామన్నారు. లక్షకు పైగా మనుషులు నమోదయ్యారు. చేతికొచ్చిన ఆయుధాలు సుమారు 28 వేలు. నమోదైనవారిలో స్త్రీలు 22 వేలకు పైనే. ముఠాలు ఎత్తుకుపోయి వంట చేయించి, మూటలు మోయించి, 'భార్యలు'గా వాడుకున్న స్త్రీలు తుపాకీ లేకపోయినా రావచ్చన్న వెసులుబాటు కాగితం మీద ఉంది. ఆ సంగతి ఎంతోమందికి చేరనే లేదు. కొందరి తుపాకులు కమాండర్లు లాక్కుని తమవాళ్లకిచ్చారు. ఇంకెందరో ఊళ్లో మాటపడాల్సి వస్తుందని శిబిరాల గడపే తొక్కలేదు. యుద్ధం చేసినవాడికి పునరావాసం దొరికింది. యుద్ధాన్ని మోసినదానికి మౌనం మిగిలింది.

ఈ కథలో మన దేశానికీ భాగం ఉంది. 2007 జనవరిలో సీఆర్పీఎఫ్ మహిళలతో ఏర్పడిన దళం లైబీరియా వెళ్లింది. ఐక్యరాజ్యసమితి చరిత్రలో పూర్తిగా స్త్రీలతో కూడిన మొదటి పోలీసు దళం అదే. 2016 దాకా, తొమ్మిదేళ్లపాటు, మన స్త్రీలు అక్కడి వీధుల్లో గస్తీ తిరిగారు. వాళ్లను చూసి పోలీసుల్లో చేరాలనుకున్న ఆడపిల్లలున్నారు. దీనికి గర్వపడదాం. అయితే దాని పక్కనే ఉన్న చేదు నిజాన్నీ చెప్పుకుందాం. శాంతిసైనికులు, సహాయ సంస్థల ఉద్యోగులు తిండికీ డబ్బుకీ ఆశచూపి బాలికలను లైంగికంగా వాడుకుంటున్నారని 2006లో సేవ్ ది చిల్డ్రన్ సంస్థ బయటపెట్టింది. రక్షకుడి యూనిఫాం వేసుకున్నంత మాత్రాన పితృస్వామ్యం ఒంటిమీంచి ఊడిపోదు.

సాధించినవి తక్కువేం కాదు. 2005 ఎన్నికల్లో గెలిచి ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ ఆఫ్రికాలో ఎన్నికైన మొదటి మహిళా దేశాధ్యక్షురాలయ్యారు. మహిళా న్యాయవాదుల పట్టుదలతో అత్యాచారంపై కఠినమైన చట్టం 2006లో అమల్లోకి వచ్చింది. 2008లో లైంగిక నేరాలకు ప్రత్యేక కోర్టు పెట్టారు. కానీ చట్టం రాయడానికి దొరికినంత తేలిగ్గా, దాన్ని నడిపే ప్రాసిక్యూటర్లకూ, వైద్య పరీక్షలకూ, పల్లె నుంచి కోర్టుదాకా రావడానికి బస్సు చార్జీలకూ డబ్బు దొరకదు. 2020 ఆగస్టులో అత్యాచారాలకు వ్యతిరేకంగా వేలాదిమంది మళ్లీ మన్రోవియా వీధుల్లోకి రావాల్సి వచ్చింది. తర్వాతి నెలలో ప్రభుత్వం అత్యాచారాన్ని జాతీయ అత్యవసర సమస్యగా ప్రకటించింది. యుద్ధం ముగిసిన పదిహేడేళ్లకు! ఇక 2017 ఎన్నికల్లో 73 స్థానాల ప్రతినిధుల సభకు గెలిచిన స్త్రీలు 9 మందే.

దాత సంస్థలతో పనిచేసిన మనకు ఈ తీరు కొత్త కాదు. మూడేళ్ల ప్రాజెక్టు, ఎన్ని శిక్షణలు, ఎంతమంది హాజరు, ఆఖర్న ఒక నివేదిక. లెక్కపెట్టగలిగిన వాటికే నిధులు. భయం పోవడానికి ఎన్నాళ్లు పడుతుందో ఏ ఫారంలోనూ నింపలేం. ఎన్నిక జరగగానే 'సంధికాలం ముగిసింది' అంటారు. 2014లో ఎబోలా వచ్చేసరికి అక్కడి ఆరోగ్య వ్యవస్థ ఎంత బలహీనంగా ఉందో లోకం చూసింది. ఆ జబ్బుకు లైబీరియాలో 4,800 మందికి పైగా బలయ్యారు. 2018 మార్చిలో శాంతిసేన వెళ్లిపోయింది. 2025లో అమెరికా తన విదేశీ సహాయ సంస్థ యుఎస్‌ఎయిడ్‌ను మూసేసింది. లైబీరియా ఆసుపత్రులు ఎంతగానో ఆధారపడ్డ సొమ్ము అది. పైనుంచి వచ్చిన సహాయం పైవాడి ఇష్టంతోనే పోతుంది.

న్యాయం మాటేమిటి? 2009లో సత్యశోధన, సయోధ్య కమిషన్ యుద్ధ నేరాలకు ప్రత్యేక కోర్టు ఉండాలని సిఫార్సు చేసింది. ఆ కోర్టు ఏర్పాటుకు ఒక కార్యాలయం తెరుస్తూ అధ్యక్షుడి ఉత్తర్వు రావడానికి 2024 మే దాకా పట్టింది. ఈలోగా సాక్షులు ముసలివాళ్లయ్యారు, కొందరు పోయారు.

కాబట్టి ఏ దేశంలో శాంతి ఒప్పందం కుదిరినా మనం మూడు ప్రశ్నలు వేయాలి. నమోదు జాబితాలు ఎవరు రాస్తున్నారు, వాటిలో తుపాకీ లేని స్త్రీ ఉందా? రక్షించడానికి వచ్చినవాడు తప్పు చేస్తే ఆ స్త్రీ ఎక్కడ ఫిర్యాదు చేయాలి? సహాయం చేసినవాళ్లు వెళ్లిపోయిన మర్నాడు ఆ కోర్టునూ ఆ ఆసుపత్రినీ ఎవరు నడుపుతారు? ఒప్పందం రాసే రోజునే వీటికి జవాబు రాబట్టుకోవాలి. సంతకాలు అయిపోయాక అడిగితే ఆ జవాబు కోసం మళ్లీ వీధిలోనే కూర్చోవాలి. లైబీరియా స్త్రీలు రెండుసార్లు కూర్చున్నారు.