బ్యాగులు చాలు, మూడేళ్ల మాట ఇవ్వండి
జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లోని కంపెనీలకు, ఉద్యోగులకు విజ్ఞప్తి



లింగాలఘనపురం మండలం ఏనెబావి పేరు మీరు వినే ఉంటారు. ఊరు ఊరంతా రసాయన ఎరువులు, పురుగుమందులు మానేసి 2006లో సేంద్రియ గ్రామంగా ప్రకటించుకుంది. జనగామ కేంద్రంగా పనిచేసే క్రాప్స్ అనే స్వచ్ఛంద సంస్థ ఆ రైతులకు తోడు నిలిచింది. ఇలాంటి పని ఒక్క రోజు కార్యక్రమంతో అవుతుందా? పొలం గట్టున తిరిగే మనిషికి నెలనెలా జీతం అందితేనే అవుతుంది.

చిన్న సంస్థలకు ఆ జీతమే దొరకదు. బ్యాగులు దొరుకుతాయి, దుప్పట్లు దొరుకుతాయి, వాటి వెనక పెద్ద ఫ్లెక్సీ కూడా ఉంటుంది. మర్నాడు ఆఫీసు అద్దె ఎవరు కడతారని అడిగే నాథుడు ఉండడు.

జీతం ఇవ్వడానికి చట్టం అడ్డమా? కానే కాదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద, ఏడాదికి కనీసం 5 కోట్ల నికర లాభం వచ్చిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు (సీఎస్ఆర్) ఖర్చుపెట్టాలి. తాను పనిచేసే ప్రాంతానికే ప్రాధాన్యం ఇవ్వాలనీ అందులోనే ఉంది. మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్లు ఒకే పనిని కొనసాగించవచ్చు. కంపెనీ సొంత నిర్వహణ ఖర్చుకు 5 శాతం పరిమితి ఉంది కానీ, ప్రాజెక్టు కోసం ఊళ్లలో తిరిగే కార్యకర్త జీతం దాని కిందికి రాదు.

భూపాలపల్లి సింగరేణి గనుల్లో, చెల్పూరు కేటీపీపీ థర్మల్ విద్యుత్ కేంద్రంలో పనిచేసే అన్నలారా, అక్కలారా! ఆ కార్యకర్త జీతం కోసం 200 మంది నెలకు వంద చొప్పున జీతంలో కోయించుకుంటే 20,000 రూపాయలు. యాజమాన్యం అంతే కలిపితే 40,000. యూనియన్లు ఈ కోరికనూ చర్చల్లో పెట్టాలి. కొత్త పన్ను విధానంలో విరాళానికి పన్ను మినహాయింపు రాదు, నిజమే. వంద రూపాయలకు కూడా మినహాయింపు లెక్క చూసుకోవాలా?

మహబూబాబాద్‌లో పెద్ద కంపెనీలు తక్కువ. అక్కడ కావలసింది బ్యాంకు, రైల్వే ఉద్యోగుల సమయం. 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారంతో రిజిస్ట్రేషన్ చేయించుకోని సంస్థకు కంపెనీల సీఎస్ఆర్ నిధులు అందవు. తండాల్లో చక్కగా పనిచేసే సంఘాలు ఆ కాగితాల దగ్గరే ఆగిపోకూడదు. లెక్కలు తెలిసినవాళ్లు ఆదివారాలు కాస్త కూర్చుంటే చాలు.

సంస్థలూ తమ వంతు చేయాలి. వచ్చిన ప్రతి రూపాయి లెక్కా పంచాయతీ గోడ మీద రాయాలి.

మేనేజర్లకు ఒక మాట: మార్చిలో మిగిలిన డబ్బు ఖర్చుపెట్టడానికి సంస్థల కోసం పరుగులు తీయకండి. ఏప్రిల్‌లోనే పిలవండి, మూడేళ్లకు ఒప్పందం రాసుకోండి.