దామెర్ల బడికి మన వాడ నుంచి తొవ్వ ఉన్నదా?

రాజమండ్రి పోయినోళ్లు గోదారిల మునిగి వస్తరు. మేము గరిడేపల్లి నుంచి పోయి మునగలేదు గానీ దామెర్ల రామారావు చిత్రశాల చూసి వచ్చినం. అక్కడ ఉన్నది బొమ్మలే కాదు, ఒక బడి జ్ఞాపకం కూడా.

రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టిండు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే కంటపడ్డడు. ఆ దొర ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూలుకు పోయి చిత్రలేఖనం నేర్చిండు. 1922లో కలకత్తా ప్రదర్శనలో ఆయన ‘ఋష్యశృంగ బంధనం’కు బహుమతి వచ్చింది. సొంత ఊళ్లో చిత్రకళాశాల పెట్టిండు. సర్కారు పెట్టిన బడి కాదది, స్నేహితులూ శిష్యులూ కూడి నడిపిన బడి. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టిన్రు. ఆ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు, మేము మెచ్చుకుంటం.

1925లో మశూచితో చనిపోయిండు. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. స్నేహితుడు వరదా వెంకటరత్నం బడిని నిలబెట్టిండు. తర్వాత బొమ్మలు ప్రభుత్వ చిత్రశాలకు చేరినయి. అదే మశూచికి మన వాడల్లో ఇండ్లకు ఇండ్లు ఊడ్చుకుపోయినయి. ఆ పోయినోళ్లలో ఎందరి చేతుల్లో బొమ్మ ఉన్నదో ఎవరు రాసిపెట్టిన్రు?

రామారావు ప్రతిభను తక్కువ చేసే పని మాది కాదు. మా ప్రశ్న వేరు. దొర కంటపడాలంటే ముందు కాలేజీ గడప తొక్కాలె. బొంబాయిల ఏండ్లకేండ్లు ఉండాలంటే ఇంట్ల ఆ పూట గంజికి పిల్లగాడి కూలి మీద ఆధారపడకూడదు. 1920లలో మాల మాదిగ పిల్లలకు ఈ రెండూ ఎక్కడివి? తలుపు మీద ‘రావద్దు’ అని బోర్డు రాయనక్కర్లేదు, తొవ్వ లేకపోతే చాలు.

అట్లని మనకు చిత్రకళ లేదా? చేర్యాల నకాషీలు గుడ్డ మీద గీసిన పటం పట్టుకొని డక్కలోళ్లు మాదిగ వాడలకు వచ్చి జాంబపురాణం చెప్పేటోళ్లు. భూమి పుట్టకముందే ఆది జాంబవుడు ఉన్నడని చెప్పే పురాణం అది. గీసినోడు ఒకడు, పాడినోడు ఒకడు, ధాన్యం పెట్టి నిలబెట్టింది మాదిగలు. ఆ పటం ముందు కూసున్న వాడ మనకు చిత్రశాల కాదా? ఆంధ్ర చిత్రకళ చరిత్ర అని రాసే పెద్దలు రాజమండ్రి దగ్గర, బందరు జాతీయ కళాశాల దగ్గర మొదలుపెడతరు. చేర్యాల పటాన్ని మాత్రం ‘హస్తకళ’ అని పక్క అరలో పెడతరు. వాళ్లది కళ, మనది చేతిపని! ఈ గీత గీసింది ఏ కుంచె?

ఇప్పటి మాట. మేము పనిచేసిన బడుల్లో టైంటేబుల్ మీద డ్రాయింగు పీరియడ్ ఉంటది, డ్రాయింగు సారు ఉండడు. ఆ పీరియడ్‌ను లెక్కల సారు గుంజుకుంటడు. మేమూ గుంజుకున్నం, దాచుకోము. ఒకసారి మా తొమ్మిదో తరగతి పిల్లగాడు బొగ్గుతోటి బడి గోడ మీద వాళ్ల తాత డప్పును మంట మీద కాపుతున్నట్టు గీసిండు. వేళ్ల కణుపులతో సహా. గోడ పాడైందని మరునాడే సున్నం కొట్టించిన్రు. కొట్టించినోళ్లకు తప్పుగా అనిపించలేదు, మాకూ అప్పుడు నోరు రాలేదు.

హైదరాబాదుల 1940లోనే సర్కారు కళాశాల వచ్చింది, ఇప్పుడది విశ్వవిద్యాలయంలో భాగం. రిజర్వేషన్ సీట్లు ఉన్నయి. కానీ ఆ ప్రవేశ పరీక్షకు కూసునే పిల్లగాడు అంతకుముందు ఎక్కడో రంగులు కలిపి ఉండాలె గదా! ప్రతి ఉన్నత పాఠశాలకు ఒక డ్రాయింగు సారును వెయ్యాలె, జాంబపురాణం పటాన్ని పాఠ్యపుస్తకంల అచ్చు వెయ్యాలె. మండలంల అడుగుతం, జిల్లాల అడుగుతం.

ఆ పిల్లగాడు ఇప్పుడు దుకాణాల బోర్డులు రాస్తుండు. మొన్న కలిస్తే, తాత బొమ్మ మళ్లీ గీస్తవా బిడ్డా అని అడిగినం. గోడ ఏది సార్ అన్నడు. మా ఇంటి గోడ చూపించినం.