చదువుకునే పిల్లకు చదివే వేళ ఎవరిస్తారు?

సాహిత్య సభ ఎక్కడ జరిగినా ఒక మాట వినక తప్పడం లేదు. కుర్రకారు చదవడం మానేసింది, కాలేజీ పిల్లలకు గైడు తప్ప పుస్తకం తెలీదు, పెళ్లయిన ఆడపిల్లలైతే పత్రిక ముఖమే చూడరు అని. చప్పట్లు పడతాయి, శాలువాలు కప్పుతారు, సభ ముగుస్తుంది. ఇంత ఆవేదన పడే ఆ వేదికల మీదే 2023లో తమిళ కథకుడు కు.అళగిరిసామి శతజయంతి వచ్చిందని గుర్తుచేసినవాళ్లు ఎందరు? 2021లో తొంభై ఎనిమిదేళ్ల వయసులో కి.రాజనారాయణన్ (కి.రా.) కన్నుమూస్తే తమిళనాడు ప్రభుత్వం అధికార లాంఛనాలతో సాగనంపింది, కోవిల్‌పట్టిలో స్మారక మందిరం కట్టింది. మన సాహిత్య సంస్థలు నాలుగు సంతాప వాక్యాలతో సరిపెట్టాయి. ఇద్దరిదీ కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్. ఇద్దరిదీ తెలుగు మాట్లాడే ఇల్లే. రాసింది తమిళం గనక మనవాళ్లు కారనుకున్నామేమో. కి.రా. నవల 'గోపల్ల గ్రామం' నిండా తెలుగుగడ్డ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని దక్షిణానికి నడిచి, అడవి నరికి ఊరు కట్టుకున్న కుటుంబాలే ఉన్నాయి. కనీసం ఆ నవల కోసమైనా ఆయన్ను తలుచుకోవలసింది. ఈ నిర్లక్ష్యం మమ్మల్ని బాధించింది. అయితే ఈ సంపాదకీయం దాని కోసమే రాయడం లేదు. చదవడం మానేశారంటూ పిల్లల్ని నిందించేవారికి ఆ ఊళ్లోనే జవాబుంది.

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా పరుచుకున్న ఆ నల్లరేగడి నేలను తమిళులు కరిసల్ సీమ అంటారు. వానను నమ్ముకున్న సేద్యం, అగ్గిపెట్టెల కార్ఖానాలు, నూలు మిల్లులు, శివకాశి టపాసులు అక్కడి బతుకుతెరువు. అంత మెట్టసీమ నుంచి సాహిత్య అకాడెమీ పురస్కారం ఎందరికి వచ్చిందో చూడండి. 1970లో మరణానంతరం అళగిరిసామికి, 1991లో కి.రా.కు, 2008లో మేలాణ్మై పొన్నుసామికి, 2014లో పూమణికి, 2018లో ఎస్.రామకృష్ణన్‌కు, 2019లో చో.ధర్మన్‌కు. వీళ్లలో పొన్నుసామి చదివింది అయిదో తరగతి, నడిపింది కిరాణా కొట్టు. ధర్మన్ మిల్లు కార్మికుడు. కి.రా. రైతు, హైస్కూలు చదువు కూడా పూర్తి చేయలేదు. అయినా పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆయన్ను పిలిచి జానపద సాహిత్యానికి ఆచార్యుణ్ణి చేసింది. కొట్లో కూర్చుని, మిల్లు షిఫ్టు దిగి, పొలం పని ముగించి చదువుకున్న మనుషులు వీళ్లు.

ఈ చరిత్ర చెప్పగానే నీతి ఒకటి సిద్ధంగా ఉంటుంది. మనసుండాలే గానీ తీరిక అదే దొరుకుతుందని. ఆ నీతిని మేం ఒప్పుకోం. పైన చెప్పిన పేర్లన్నీ మగవాళ్లవి. కొట్టు కట్టేసి ఇంటికొచ్చిన మనిషి పుస్తకం తెరిచేసరికి పొయ్యి వెలిగించి ఉంచింది ఎవరు? బిందెలతో నీళ్లు మోసిందెవరు? కి.రా. ఇంటి బరువు గణవతి అమ్మాళ్ మోశారు. ఆయన నవలలో ఊరి కథంతా పూసగుచ్చినట్టు చెప్పేది కూడా మంగత్తాయారు అనే ముసలమ్మే. కథను దాచి ఉంచింది ఆడవాళ్లు, అది చదవడానికి వేళ దక్కింది మగవాళ్లకు. అంటే తీరికను ఎవరో ఒకరు తమ ఒంటి కష్టంతో సంపాదించి మరొకరి చేతిలో పెట్టారు. చదువరి గొప్పతనాన్ని పొగిడేవాళ్లు ఆ రెండో మనిషిని లెక్కలోకి తీసుకోకపోవడం వల్లే మన వాదన తప్పుదారి పట్టింది.

ఇవాళ అదే సీమలో పుస్తకమంటే ఇష్టమున్న పిల్ల సంగతి చూద్దాం. విరుదునగర్‌లో వన్నియపెరుమాళ్ మహిళా కళాశాల ఉంది, కోవిల్‌పట్టిలో జి.వెంకటస్వామి నాయుడు కళాశాల ఉంది. 2021 నుంచి టౌను బస్సులో ఆడవాళ్లకు టికెట్టు లేదు. సర్కారు బడిలో చదివి కాలేజీలో చేరిన ఆడపిల్లకు 2022 నుంచి నెలకు 1,000 రూపాయలు ఇస్తున్నారు. ఈ రెండు పథకాల్నీ మనసారా మెచ్చుకోవాలి. కానీ అవి ఆమెను కాలేజీ గేటు దాకానే చేరుస్తాయి. తల్లి అగ్గిపెట్టెల కార్ఖానాకు పోతే వంట, తమ్ముడి బడి సంచి, నాయనమ్మ మాత్రలు ఈమె చేతిమీదుగానే జరగాలి. బస్సులో కిటికీ పక్కన చోటు దొరికితే ఆ కాసేపే ఆమె చదువు. సంచిలో పైనుండేది రికార్డు బుక్కు, దాని కింద ఇంటర్నల్ పరీక్షకు జిరాక్సు తీసిన నోట్సు, అన్నిటికీ అడుగున లైబ్రరీ నవల. పెళ్లయ్యాక పీజీలో చేరిన కోడలికైతే ఆ కిటికీ సీటు కూడా అనుమానమే.

విశ్వవిద్యాలయాల్ని మేం నిలదీసేది ఇక్కడే. ఆరేసి నెలల సెమిస్టర్లు, వాటి మధ్య ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు, సెమినార్లు, హాజరు శాతాలు. వీటన్నిటికీ క్రెడిట్లున్నాయి. సిలబస్‌లో లేని ఒక మంచి పుస్తకం ఆసాంతం చదివిన పిల్లకు ఏమీ లేదు. సాహిత్యమే ప్రధాన పాఠ్యంగా తీసుకున్నవాళ్లు సైతం నవల మొహం చూడకుండా సారాంశంతో పట్టా పుచ్చుకుంటున్నారు. ఇంత చేసి, వీళ్లు చదవరని నింద! చదవకుండా ఉంటేనే నెగ్గుకొచ్చే చదువును కట్టబెట్టినవాళ్లకు ఆ మాట అనే హక్కు లేదు. కుటుంబాలూ అంతే. అమ్మాయి ర్యాంకు తెస్తే స్వీట్లు పంచే ఇంట్లోనే ఆమె కథల పుస్తకంతో కూర్చుంటే 'పనేం లేదా' అంటారు. గ్రంథాలయాలకు డబ్బు చాలదనే మాటా నిలవదు. 1948 నాటి మద్రాసు గ్రంథాలయాల చట్టం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు పెట్టింది. ప్రతి గడపా ఆ సెస్సు కడుతోంది. ఆ గడప దాటి లైబ్రరీకి వెళ్లే వేళ మాత్రం ఆ ఇంటి ఆడపిల్లకు లేదు.

పేదింటి పిల్లకు ముందు ఉద్యోగం కావాలి గానీ నవలలెందుకు అని కొందరంటారు. అన్నం పెట్టే చదువు ముందుండాలనే మేమూ అంటాం, అయితే పేదింట్లో పుట్టినంత మాత్రాన కథ మీద ఆశ చంపుకోవాలనడం దుర్మార్గం. సెల్‌ఫోను వచ్చి పాడుచేసిందనేవారు, ఫోను లేని రోజుల్లో ఈ సీమ ఆడవాళ్లలో ఎందరి చేతిలో పుస్తకముందో ఒకసారి ఆలోచించాలి.

గడపలోకి పుస్తకం తీసుకువెళితే ఇల్లాలు చదువుతుందనడానికి మన దగ్గరే రుజువుంది. మద్రాసులో కాపురముండి మాలతీ చందూర్ చేసిన పని అదే. ఆంధ్రప్రభలో 'ప్రమదావనం', స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' ఏళ్ల తరబడి నడిచాయి. ఇంగ్లీషు రాని ఇల్లాలికీ ప్రపంచ నవల నెలనెలా ఇంటికొచ్చింది. వంటింటికీ పుస్తకానికీ పగ ఉందని ఆవిడ ఏనాడూ అనుకోలేదు.

కోవిల్‌పట్టి తెలుగింటి పిల్లకు ఆ మార్గం కూడా మూసుకుపోయింది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం, డిగ్రీ ఇంగ్లీషులో. బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత తెలుగు బడుల కోసం గొంతెత్తింది ఎక్కువగా హోసూరు, తిరుత్తణి, చెన్నై వైపే. కరిసల్ సీమ గొంతు మన దాకా రాలేదు. ఆ పక్కనే ఉన్న ఎట్టయపురం సంస్థానంలో 1904లో సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అంత ఉద్గ్రంథం తెలుగులో అచ్చయింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల పిల్లల్లో తెలుగు అక్షరం కూడబలుక్కోగలవారు అరుదు.

అందుకే ఈ వినతి. కళాశాలలు వారానికి ఒక్క పీరియడు, మార్కులతో ముడిపెట్టకుండా, చదువుకోవడానికే వదిలేయాలి. ఇంట్లో అన్నదమ్ములు, భర్తలు రాత్రి గిన్నెలు కడిగి ఆ అరగంట ఆడపిల్లకు ఇవ్వాలి. తెలుగు ప్రచురణకర్తలు మంచి కథల్ని ఒక పేజీలో తెలుగు లిపిలో, ఎదుటి పేజీలో తమిళ లిపిలో అచ్చువేయాలి. మాట వచ్చిన పిల్లలు అక్షరం నేర్చుకోవడానికి ఎన్నాళ్లో పట్టదు. అలాంటి సంకలనం వేయడానికి ముందుకొచ్చేవారితో కలిసి పనిచేయడానికి, అచ్చయిన ప్రతుల్ని కోవిల్‌పట్టి, విరుదునగర్ కళాశాలల గ్రంథాలయాలకు ఉచితంగా పంపడానికి మా పత్రిక సిద్ధంగా ఉంది. ఏ కథలు వేయాలో పాఠకులు మాకు రాయండి.