కనబడలేదని చెప్పిన శాస్త్రజ్ఞుడు

"ఉన్నది, కనుగొంటిని" అని చాటినవారిని లోకము వేనోళ్ళ పొగడును. "వెదకితిని, కనబడలేదు" అని చెప్పినవారిని తలచుకొనువారు అరుదు. ఇది న్యాయము కాదు. సత్యాన్వేషణమున ఈ రెండవ మాట పలుకుటకే ఎక్కువ ధైర్యము వలయును. క్లాస్ బీమన్ చరిత్రమే ఇందుకు నిదర్శనము.

బీమన్ 1926లో ఆస్ట్రియా దేశమందలి ఇన్స్‌బ్రుక్ నగరమున జన్మించెను. అచటి విశ్వవిద్యాలయముననే రసాయనశాస్త్రమభ్యసించి, 1955లో అమెరికాకు పోయి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరెను. 1957లో అచటనే ఆచార్యవర్గమున స్థానము పొందెను.

ఆ కాలమునకు మాస్ స్పెక్ట్రోమీటరు అను యంత్రము పెట్రోలియము పరిశ్రమలో వాడుకలో నుండెను. దానియందు పదార్థపు ఆవిరిని ఎలక్ట్రానులు తాకగా, అణువులు విద్యుదావేశము పొంది ముక్కలగును. ఆ ముక్కలను యంత్రము వాని బరువులను బట్టి వేరుపరచును. పెద్ద అణువులు ఇట్లు చితికిపోవుట లోపముగా కనిపించుట సహజము. బీమన్‌కు ఆ లోపమే గుణముగా తోచెను. వైయాకరణుడు సంధి విడదీసి, సమాసమునకు విగ్రహము చెప్పి అర్థమును నిర్ణయించునట్లు, ఆయన ముక్కల బరువులనుండి అణు నిర్మాణమును చదివెను. పెప్టైడులలో అమైనో ఆమ్లములు ఏ వరుసలో నున్నవో తెలిసికొను మార్గమును 1959లో చూపెను. మొక్కలయందలి ఆల్కలాయిడుల నిర్మాణములను తేల్చెను. 1962లో వెలువడిన ఆయన గ్రంథము తరువాతివారికి బాట వేసెను. మితిమీరి మందులు మింగి ఆపదపాలైన రోగుల దేహములో ఏ మందున్నదో గుర్తించుటకును ఆయన ప్రయోగశాల తోడ్పడెను.

1976లో రెండు వైకింగ్ నౌకలు అంగారకునిపై దిగెను. మట్టిని 500 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచి, వచ్చిన ఆవిరిని పరీక్షించు యంత్రము వానిలో నుండెను. ఆ పరిశోధక బృందమునకు నాయకుడు బీమన్. అంగారకునిపై జీవమున్నదను వార్తకై లోకము చెవులు నిక్కించి యుండెను. మరియొక ప్రయోగఫలము అందుకు అనుకూలమని కొందరు తలచిరి కూడ. కాని వంద కోట్ల పాళ్ళలో కొన్ని పాళ్ళున్నను పసిగట్టగల బీమన్ యంత్రమునకు, భూమినుండి వెంటవచ్చినవని ఆయన భావించిన ద్రావణుల జాడలు తప్ప, కర్బన పదార్థములు దొరకలేదు. ఆయన ఉన్నదున్నట్లు చెప్పెను.

2008లో ఫీనిక్స్ నౌక అంగారకుని మట్టిలో పెర్‌క్లోరేటు లవణములను కనుగొనెను. కాచునపుడు అవి కర్బన పదార్థములను నాశనము చేసియుండవచ్చునని కొందరు వాదించిరి. బీమన్ ఆ వాదమునంగీకరింపలేదు. 2014లో క్యూరియాసిటీ నౌక అచటి రాతిలో కర్బన పదార్థములను గుర్తించినట్లు ప్రకటింపబడెను. కావున వైకింగ్ ఫలితము వ్యర్థమని కొందరనవచ్చును. అది పొరపాటు. "ఈ మట్టిలో, ఈ పద్ధతిలో కనబడలేదు" అనుట వేరు. "ఎచ్చటను లేదు" అనుట వేరు. మొదటి మాట నిజాయితీగా వ్రాసి యుంచినందుననే తరువాతివారు దానిని ప్రశ్నించి ముందునకు పోగలిగిరి. లోకము కోరిన జవాబును వ్రాసి యున్నచో, వారికి అబద్ధమే పునాది యయ్యెడిది.

బీమన్ 2016లో కన్నుమూసెను. పాఠశాలలో తన కొలతను పుస్తకములోని అంకెకు సరిపడునట్లు దిద్దుకొను బాలుడు మార్కులు పొందవచ్చును. శాస్త్రమును మాత్రము పోగొట్టుకొనును. కోరిన ఫలము రాకున్నను వచ్చిన ఫలమునే వ్రాయువాడు విద్యార్థియైనను శాస్త్రజ్ఞుడే.