మన పిల్లల చేతికి ఒక ఉత్తరం ఇచ్చి పంపండి

సంఘ పెద్దలకు, అయ్యగార్లకు, అమ్మగార్లకు, తల్లిదండ్రులకు, పట్టణాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న విశ్వాసులకు:

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ముగిసి, సీటు ఎక్కడొచ్చిందో తెలిశాక మన ఇళ్లలో జరిగేది మీకు తెలిసిందే. బయలుదేరే ముందురోజు రాత్రి ఇంటి దగ్గర ప్రార్థన పెడతారు. అయ్యగారు పిల్లవాడి తలమీద చెయ్యి ఉంచుతారు. అమ్మ చొక్కాల మడతల్లో బైబిలు పెడుతుంది, పక్కన ఆవకాయ సీసా. తెల్లారి బస్సెక్కిస్తాం. బస్సు మలుపు తిరగగానే సంఘంగా మన వంతు అయిపోయిందనుకుంటాం. అయిపోలేదని చెప్పడానికే ఈ కరపత్రం.

మేము అడిగేది చిన్న పని. కాలేజీకి వెళ్లే ప్రతి విద్యార్థి చేతికి సంఘం ఒక ఉత్తరం ఇవ్వాలి. వెళ్లిన ఊళ్లో దాన్ని అందుకునే మనిషి ఒకరుండాలి. సిఫారసు ఉత్తరమంటే ఎమ్మెల్యేగారి లెటర్‌ప్యాడ్ గుర్తొచ్చే రోజులివి. కానీ రోమా పత్రిక చివరి అధ్యాయం తెరిచి చూడండి. కెంక్రేయ సంఘంలో పరిచర్య చేసే ఫీబే అనే స్త్రీని చేర్చుకుని, ఆమెకు కావలసిన సాయం చేయమని పౌలు కోరడంతోనే అది మొదలవుతుంది. కొత్త ఊరికి వెళ్లే మనిషిని పేరుపెట్టి అప్పగించడం సంఘానికి మొదటి నుంచీ ఉన్న అలవాటే. మనమే మరిచిపోయాం.

అలా మరిచిపోతే ఏమవుతుందో నా సంగతే చెబుతాను. మాది గుండ్లకమ్మ ఒడ్డున చిన్న పల్లె. ఇంజనీరింగుకి పట్నం వెళ్లిన మొదటి ఆదివారం ఆటోవాళ్లను అడుక్కుంటూ ఒక పెద్ద మందిరం కనుక్కున్నాను. చివరి బెంచీలో కూర్చున్నాను. కానుక సంచి నా దాకా వచ్చింది. ఆరాధన అయ్యాక అందరూ బండ్లు తీసుకుని వెళ్లిపోయారు. రెండో ఆదివారమూ అంతే. మూడో ఆదివారం రికార్డులు రాసుకోవాలని మానేశాను. దసరా సెలవులు వచ్చేసరికి మానేయడం అలవాటైంది. చెడు స్నేహాలు పట్టలేదు, నాస్తికుణ్ణీ కాలేదు. నేను రాలేదని ఎవరికీ తెలియలేదు, అంతే.

రెండో ఏడాది హాస్టల్ మెస్సులో అన్నం ముందు కళ్లు మూసుకున్నాను. అమ్మ నేర్పిన అలవాటు, అప్పటికి అదొక్కటే మిగిలింది. ఎదురుగా కూర్చున్న సీనియర్ చూసి, "ఏ ఊరు తమ్ముడూ?" అన్నాడు. ఆ శనివారం సాయంత్రం వాళ్ల గదికి తీసుకెళ్లాడు. నలుగురున్నారు. మార్కు సువార్త చదువుతున్నారు, వారానికి పది పన్నెండు వచనాలు. ఎవరూ ప్రసంగం చేయలేదు. చదివాక ఆ సీనియర్ నా వైపు తిరిగి, "నీకేమనిపించింది?" అన్నాడు. పద్దెనిమిదేళ్లు మందిరంలో పెరిగినవాణ్ణి, ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. వాక్యం వినడమే తెలుసు గానీ, దాని గురించి నాకో అభిప్రాయం ఉండొచ్చని తెలియదు. ఏం చెప్పానో గుర్తులేదు. చెవులు వేడెక్కడం మాత్రం గుర్తుంది.

మన పిల్లలకు ఈ ఇబ్బంది మిగతావాళ్లకంటే ఎక్కువ ఎందుకో ఆలోచించాను. తెలుగు నేల మీద మన విశ్వాసం చాలావరకు గుంపుగా వచ్చింది. పెద్ద కరువు తర్వాత 1878 జులై 3న మా గుండ్లకమ్మ ఒడ్డునే, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పల్లెకు పల్లె, చుట్టానికి చుట్టం కలిసి వచ్చారు. అందుకే మన దగ్గర మందిరం గంట మోగితే వీధంతా లేస్తుంది. క్రిస్మస్ నక్షత్రం కట్టడానికి పిల్లలంతా వెదురు కోసం తిరుగుతారు. ఆదివారం రాని మనిషి ఇంటికి మధ్యాహ్నానికల్లా ఎవరో ఒకరు వెళ్లి ఒంట్లో బాగుందా అని అడుగుతారు. అలాంటి చోట పెరిగిన బిడ్డకు ఒంటరిగా విశ్వాసిగా ఉండటం రాదు. ఎప్పుడూ అవసరం పడలేదు. అకస్మాత్తుగా ఆరుగురుండే హాస్టల్ గదిలో, పైమంచం మీద, ఆ పరీక్ష వస్తుంది.

పైగా ఇప్పుడు పిల్లలు చిన్న వయసులోనే ఇల్లు వదులుతున్నారు. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టాక పదో తరగతి అవగానే ఆరేళ్ల చదువుకు వెళ్లిపోతున్నారు. ఇక కార్పొరేట్ ఇంటర్ కాలేజీల్లో ఆదివారమంటే స్టడీ అవర్, స్లిప్ టెస్టు. మన యవ్వనస్తుల కూటంలో చేరే వయసు వచ్చేసరికి వాళ్లు ఊళ్లోనే ఉండరు. ఆ కూటాలు ఎందుకు పలచబడ్డాయని కమిటీ మీటింగుల్లో ఒకరినొకరు అనుకోవడం అనవసరం.

"ఇప్పుడు ఫోన్లున్నాయి కదా, యూట్యూబులో ఎంత వాక్యం కావాలంటే అంత" అని ఒక పెద్దాయన అన్నారు. నిజమే. కానీ జ్వరంతో పడుకుంటే యూట్యూబు గంజి తేదు.

అవతల అందుకునే చేతులు లేవా అంటే, ఉన్నాయి. 1877లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో విద్యార్థులు తమంతట తాము ఒక క్రైస్తవ యూనియన్ పెట్టుకున్నారు. అలాంటివి దేశదేశాల్లో పుట్టి 1947లో ఒక అంతర్జాతీయ సమాఖ్యగా కలిశాయి. మన దేశంలో యూనియన్ ఆఫ్ ఎవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా (యు.ఇ.ఎస్.ఐ.) 1954లో మొదలైంది. అందులో విద్యార్థుల కూటాలను ఇ.యు. అంటారు, చదువు ముగించి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల కూటాలను ఇ.జి.ఎఫ్. అంటారు. అంతకంటే ముందే, 1912 నుంచి, స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్ ఉంది. ఇంకా వేరే సంస్థలవీ, ఏ పేరూ లేనివీ ఎన్నో గది కూటాలున్నాయి. వీటినే ఫెలోషిప్‌లంటాం. తెగిపోయిన దారి ఒక్కటే: మన పల్లె మందిరం నుంచి ఆ గది దాకా. కొత్తగా వచ్చిన పిల్లలెవరో వాళ్లకు తెలియదు. వాళ్లున్నారని మన పిల్లలకు తెలియదు. మెస్సులో ఎవరో కళ్లు మూసుకుంటే ఎవరో చూడాలి. నా విషయంలో అలా కుదిరింది, అది నా అదృష్టం. అదృష్టం మీద ఆధారపడి పిల్లల్ని పంపిస్తామా?

డోర్నకల్ బిషప్ అజరయ్యగారిని మనవాళ్లందరూ తలుచుకుంటారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల్లో మొదటి బిషప్ అయినది ఆయనే. అంతకుముందు చాలా ఏళ్లు ఆయన వై.ఎం.సి.ఎ. పనిమీద యువకుల మధ్య తిరిగినవాడు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో మిషనరీలకు ఎదురుగా నిలబడి, మీరు ఎన్నో ఇచ్చారు, ఇక స్నేహితులుగా రండి అని అడిగాడు. మనవాళ్లు ఆ మాటను తెల్లవాళ్లకు వేసిన చురకగా గర్వంగా చెప్పుకుంటారు. మన మందిరంలో చివరి బెంచీలో కూర్చున్న హాస్టల్ కుర్రాడు అడిగేదీ అదే కదా.

అయ్యగార్లకో మాట. ఫెలోషిప్‌కి పంపితే మా గొర్రెల్ని తోలుకుపోతారని మీలో కొందరికి భయం. అది పూర్తిగా కల్పితమని నేననను. అందుకే షరతు పెట్టండి. ఫెలోషిప్ సంఘం కాదు. అక్కడ బాప్తిస్మం ఇవ్వరు, బల్ల ఉండదు, దశమభాగం అడగరు. ఆదివారం ఆరాధనకు పిల్లవాడు దగ్గర్లోని సంఘానికి వెళ్తాడు. లూథరన్ బిడ్డ లూథరన్‌గా, బాప్టిస్టు బిడ్డ బాప్టిస్టుగా సెలవులకు ఇంటికొస్తారు. ఈ మాట ఇవ్వలేని కూటానికి ఉత్తరం రాయకండి.

ఫెలోషిప్‌లు నడిపే తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా కొన్ని మార్చుకోవాలి. మొదటిది భాష. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు నాయనమ్మ ఒళ్లో నేర్చుకున్న పిల్లవాడు మీ ఇంగ్లిష్ వర్షిప్‌లో పెదాలు కదుపుతూ నిలబడతాడు, రెండో వారం రాడు. తెలుగులో పాడండి, తెలుగులో చదవండి. ఇంగ్లిష్ కావలసినవాళ్లు వేరే రోజు పెట్టుకోండి.

రెండోది ఫోటోలు. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు గనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట ప్రధానంగా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు బీసీ-సి, వాళ్ల వాటా ఒక శాతం. సీటు, ఫీజు, స్కాలర్‌షిప్ కుల ధ్రువపత్రమనే కాగితం మీద ఆధారపడి ఉంటాయి. ఈ చట్టం న్యాయమా కాదా అన్నది ఇంకో కరపత్రానికి సరిపడే విషయం, నా అభిప్రాయం నాకుంది. కానీ ఆ భారాన్ని పదిహేడేళ్ల పిల్ల మోస్తూ మీ గదికి వస్తుంది. మీరు గ్రూపు ఫోటో తీసి పేర్లతో స్టేటస్ పెడితే ఇక ఆ గుమ్మం తొక్కదు. అడగకుండా ఎవరి ఫోటోనూ పెట్టకండి. ఎవరి కాగితాల సంగతీ అడగకండి. ఏ కులమని అసలే అడగకండి, "మీది ఏ పేట?" అని చుట్టూ తిప్పి అడగడం కూడా మానండి.

ఆడపిల్లల సంగతి వేరు. లేడీస్ హాస్టల్ గేటు సాయంత్రమే మూస్తారు. శనివారం రాత్రి కూటం పెట్టి వాళ్లు రాలేదనడం అన్యాయం. వాళ్ల వేళకు, వాళ్ల దగ్గర, ఒక అక్క నడపాలి. పరీక్షల ముందు క్యాంపులొద్దు. వేరే మతం స్నేహితులు తమంతట తాము వస్తే మర్యాదగా కూర్చోబెట్టండి, ఒత్తిడి చేయకండి, ఏ ఆశా చూపకండి. కాలేజీవాళ్లు లోపల వద్దంటే గొడవ పడకండి, బయట ఇళ్లున్నాయి.

ఆ ఇళ్లు మీవే, పట్టణాల్లో స్థిరపడ్డ విశ్వాసులారా. మేము మిమ్మల్ని చందా అడగడం లేదు. నెలకో ఆదివారం ఆరాధన తర్వాత ముగ్గురు పిల్లల్ని ఇంటికి తీసుకెళ్లి పప్పుచారు, అప్పడాలతో అన్నం పెట్టండి. హాస్టల్ సాంబారు తిన్న నాలుకకు అదే విందు.

ఉత్తరం ఎలా రాయాలని అడిగారు కొందరు. ఇలా రాస్తే చాలు:

"వందనాలు. ఈ ఉత్తరం తెచ్చిన అమ్మాయి మా సంఘం బిడ్డ. సండే స్కూల్లో చిన్నపిల్లలకు పాటలు నేర్పేది. తెలుగు మీడియంలో చదివింది, కొత్తవాళ్లతో కలవడానికి కొంచెం సమయం పడుతుంది. వాళ్ల నాన్న కౌలుకు చేస్తాడు. మొదటి ఆదివారం మీతోపాటు ఆరాధనకు తీసుకెళ్లండి. బాగున్నదని మాకొక ఫోన్ చేయండి."

కింద అయ్యగారి సంతకం, ఫోన్ నంబరు. ఒక జాగ్రత్త. ఉత్తరం విద్యార్థి చేతికే ఇవ్వాలి, వాళ్లకు తెలియకుండా పంపకూడదు. ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. ఫెలోషిప్‌వాళ్లు ఊరికి కబురు చెప్పేటప్పుడు బాగోగులు చెప్పాలి గానీ, పిల్లవాడు ఏ సినిమాకు వెళ్లాడో నివేదిక ఇవ్వకూడదు. అలా నిఘా పెడితే రెండో ఉత్తరం ఎవరూ పట్టుకెళ్లరు.

ఎవరికి రాయాలో తెలియకపోతే, మీ సంఘం నుంచి వెళ్లి ఆ ఊళ్లో బతుకుతున్నవాళ్లు ఎవరో ఒకరుంటారు, వాళ్లకు రాయండి. వాళ్లు వెతుకుతారు.

కాలేజీలు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. వచ్చే ఆదివారం ప్రకటనల వేళ, ఈ ఏడాది ఎవరెవరు ఏ ఊరు వెళ్తున్నారో మందిరంలో అడగండి. పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఆ మధ్యాహ్నమే ఉత్తరాలు రాయడం మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒకప్పుడు హాస్టల్ గదిలో నలుగురై కూర్చున్నవాళ్లం