ఎవరి ఉప్పు ఎవరు తిన్నారు?

'ఉప్పు తిన్న విశ్వాసం ఉండాలమ్మా' అనే మాట వింటూ పెరిగినవాళ్లమే మనమంతా. ఎవరికి ఉండాలట ఆ విశ్వాసం? పాలేరుకి, పనిమనిషికి, కూలికొచ్చిన వాళ్లకి. మరి పని చేయించుకున్నవాళ్లు, చేసిపెట్టిన చేతికి కృతజ్ఞత చూపించాలని ఎవరైనా చెప్పారా? నాకైతే గుర్తులేదు.

ఈ లెక్క తిరగేసి చూడాలంటే జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో మిరపకోతల దగ్గరకి వెళ్లాలి. తెల్లారకముందే క్యారేజీ సర్దుకుని, తలకి గుడ్డ చుట్టుకుని, చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుని ఆటోలూ ట్రాక్టర్లూ ఎక్కుతారు ఆడవాళ్లు. ఆదోని, కోసిగి వైపు నుంచి ఇల్లు తాళం వేసి వలస వచ్చేవాళ్లూ ఉన్నారు. కాయ ఘాటుకి చేతులు మంటలు. సాయంత్రం చంటిపిల్లని ఎత్తుకోవాలన్నా ముందు చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, నూనె రాసుకోవాలి. పత్తి తీతకి వెళితే ఎండిన కాయ మొనలు వేళ్లని గీరతాయి. కల్లాల్లో ఆరిన మిరపకాయల్లోంచి తాలు ఏరేదీ, తొడిమలు తీసేదీ కూడా ఎక్కువగా ఆడవాళ్లే. గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఏరిన చేతికేదీ?

ఈ ముఠాలకి చాలాచోట్ల పెద్దగా ఒక ఆడమనిషే ఉంటుంది. రైతుతో మాట్లాడేదీ, మనుషుల్ని పోగేసేదీ, రేటు తేల్చేదీ, డబ్బులు పంచేదీ ఆమే. మేనేజ్‌మెంట్ పుస్తకాలు టీమ్ లీడర్ అంటాయే, ఆ మనిషి ఈమే! ఇరవైమంది ఇల్లాళ్లని పొద్దున అయిదింటికల్లా రోడ్డు మీదకి తేవడం ఎంత పనో, కావాలంటే ఏ కంపెనీ మేనేజరునైనా ఒక్కరోజు చేసి చూడమనండి.

ఇలాంటి పెద్దల్లో ఒకామె పిలిస్తే జ్వరంతో ఉన్నా వస్తారు. ఇంకొకామె రెండు రూపాయలు ఎక్కువిస్తానన్నా మొహం తిప్పుకుంటారు. తేడా ఎక్కడుందంటారు? గమనించి చూడండి. మంచి పెద్ద, ఎవరి పని బాగుందో ఆ పూటే, పదిమంది ముందే, మనిషిని పట్టుకుని చెబుతుంది. 'అందరూ బాగా చేశారు' అన్నది గాలికి పోయే మాట. 'వదినా, నీ సాళ్లలో పచ్చికాయ ఒక్కటి కలవలేదు, రైతు కూడా అదే అన్నాడు' అన్నది ఇంటిదాకా వెంట వచ్చే మాట. రైతు మెచ్చుకున్నప్పుడు 'నా ముఠా కదా' అని మీసం లేకపోయినా మెలేసేవాళ్లు కొందరుంటారు. 'పని నాది కాదు, ఇదిగో ఈమెది' అని చూపించేవాళ్లు తక్కువ.

అయితే ఒక ప్రమాదం ఉంది. మెప్పు మాటలు చౌక. 'మా బంగారు తల్లులు' అంటూ అరగంట ఎక్కువ చేయించుకుని, డబ్బుల దగ్గరకొచ్చేసరికి 'వచ్చేవారం చూద్దాం' అనేవాళ్లకి లోటు లేదు. సమాన పనికి ఆడా మగా తేడా లేకుండా కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చినా, ఆడకూలి అంటే తక్కువే అన్న అలవాటు పొలాల్లో పోలేదు. మెప్పు కూలి మీద కొసరు కావాలి గానీ, కూలికి బదులు కాకూడదు. అలాగే ఇవ్వాల్సింది ఇచ్చి, 'నా వల్లే కదే నీకు పని దొరికింది' అని దండం కోసం ఎదురుచూడడమూ తప్పే. చేసిన పనికి డబ్బు ఇవ్వడం ఉపకారం ఎలా అవుతుంది?

2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర, మిరపకోతకి వెళ్లి ఇంటికి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొట్టింది. షాక్ కొట్టి ప్రాణాలు పోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. అలాంటి వార్త చదివిన ప్రతిసారీ అయ్యో అనుకుంటాం. మళ్లీ తెల్లారితే ఒక ఆటోలో పదిహేనుమంది! 'ఇంతమంది పట్టరు, ఇంకో బండి పెట్టండి, లేకపోతే రాం' అని రైతుతో గట్టిగా అనగలిగిన ముఠా పెద్ద, తన మనుషులకి నోటితో థాంక్స్ చెప్పకపోయినా నాకు ఫర్వాలేదనిపిస్తుంది. మంచినీళ్ల క్యాను, మధ్యాహ్నం కాస్త నీడ, చాటుకి వెళ్లడానికి ఒక చోటు కూడా అలా అడిగి సాధించాల్సినవే.

ఇక మన ఇళ్ల సంగతి. అమ్మకి థాంక్స్ చెబితే 'ఏమిటే, పరాయిదానిలా' అంటుంది. నిజమే, మన మాటల్లో అది ఇమడదు. పల్లెటూరి ముసలమ్మలకి ఆ బాధ లేదు. గ్లాసుడు మజ్జిగ ఇస్తే 'నీ కడుపు చల్లగుండ తల్లీ' అంటారు, అయిపోయింది. ఆఫీసులో ఎడాపెడా థాంక్యూలు పంచే మనం, అంట్లు తోమే మనిషికి ఏ మాట చెబుతున్నాం? రోజూ పడుకునే ముందు, ఇవాళ నా పని ఎవరు తేలిక చేశారు అని ఒక్కసారి తలుచుకోండి. మర్నాడు ఆ మనిషికే చెప్పండి. మనసులో ఉంచుకుంటే ఆమెకెలా తెలుస్తుంది?

పొదుపు సంఘాల లీడర్లకి ఇంకో మాట. మార్చి 8 మహిళా దినోత్సవం సరిగ్గా కోతల కాలంలోనే వస్తుంది. మండలంలో సభ, వేదిక మీద మీకు శాలువా. మీ సంఘం అప్పు సక్రమంగా కట్టిందని బ్యాంకాయన పొగుడుతాడు. ఆ కంతులు కట్టిన సభ్యులు చాలామంది ఆ సమయానికి చేలో నడుం వంచి ఉంటారు. మైకు చేతికొచ్చినప్పుడు మీ సంఘంలోని పదిమంది పేర్లూ చదవండి. నిమిషం కూడా పట్టదు. కోతకి వెళ్లి సభకి రాలేకపోయినవాళ్ల పేర్లు ముందు చదవండి.