నూనె డబ్బా మీది రెండు అంకెలు

స్కూటరో, కారో ఈ రోజుల్లో చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. ఇంజను నూనె డబ్బా మీద ‘20 డబ్ల్యూ–40’ వంటి గుర్తు మీరు చూసే ఉంటారు. కామర్సు చదివి బ్యాంకులో చేరిన నాకు అంకె కనబడితే దాని సంగతి తేల్చుకోవాలనిపిస్తుంది.

ఆముదం చలికి సాగుతుంది, కాచితే జారుతుంది. ఇంజను నూనె గుణమూ అంతే. మరీ చిక్కగా ఉంటే తెల్లవారుజామున బండి కదలదు. మరీ పలచబడితే లోహాల నడుమ పొర నిలవక భాగాలు అరిగిపోతాయి. వేడికి నూనె ఎంత పలచబడుతుందో పోల్చడానికి 1929లో అమెరికాలో డీన్, డేవిస్ అనే ఇద్దరు ‘స్నిగ్ధతా సూచిక’ను ప్రతిపాదించారు. ఇది ఎంత ఎక్కువైతే వేడికి నూనె అంత తక్కువ మారుతుందన్నమాట.

డబ్బా మీది ‘డబ్ల్యూ’ చలికాలానికి గుర్తు. మొదటి అంకె చలిలో నూనె నడతను, రెండవది ఇంజను వేడిలో దాని చిక్కదనాన్ని తెలిపే తరగతులు. అవి డిగ్రీలు కావు. ఒకే నూనె రెండు పరీక్షలూ నెగ్గడానికి సాధారణంగా అందులో పాలిమర్లు కలుపుతారు. ఇవి పొడవాటి అణువుల గొలుసులు. వీటిలో కొన్ని రకాలు చలిలో ఉండలా ముడుచుకొని, వేడికి విచ్చుకొని, నూనెను అతిగా పలచబడనీయవు.

చిక్కంతా ఇక్కడే ఉంది. గొలుసు ఎంత పొడవైతే అంత బాగా పనిచేస్తుంది, అంత తేలికగానూ తెగుతుంది. ఇంజను భాగాల మధ్య, గేరు పళ్ళ మధ్య నలిగి సాధారణంగా నడిమికే తెగుతుంది. తెగినది మళ్ళీ అతకదు. నూనె శాశ్వతంగా పలచబడుతుంది.

దీనికి రసాయన శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఉపాయం కొమ్మలున్న పాలిమర్లు. నక్షత్రం ఆకారంలో ఒక కేంద్రం నుంచి అనేక చేతులు సాగుతాయి. ఒక చేయి తెగినా మిగిలినవి పని చేస్తూనే ఉంటాయి. మా బ్యాంకు లెక్కలో చెప్పాలంటే, అప్పంతా ఒక్క ఆసామికే ఇస్తే అతడు మునిగిననాడు శాఖా మునుగుతుంది. పదిమందికి పంచితే ఒకరు ఎగవేసినా నిలుస్తుంది. దువ్వెన ఆకారంలో పళ్ళున్న రకాలు కూడా ఉన్నాయి. చలిలో అనవసరపు చిక్కదనం తగ్గించి ఇంధనం పొదుపు చేయడం వాటి ప్రత్యేకత.

అయితే నక్షత్రానికీ చేతులు ఒక్కొక్కటే తెగుతాయి. మసి, గాలిలోని ఆక్సిజన్ కూడా నూనెను పాడుచేస్తాయి. కనుక చేతిపుస్తకంలో చెప్పిన తరగతి నూనెనే వాడండి, గడువు దాటనీయకండి. చిక్కనిదే మంచిదనుకొని పోయించుకుంటే పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. గడువు దాటిస్తే మిగిలేది నూనె డబ్బులు, పోయేది ఇంజను.